మట్టిగాజులు, మట్టిపూసలు

మొన్న మాఘమాసంలో చేబ్రోలు వెళ్లాను. అది మా అమ్మమ్మగారి ఊరు. గుంటూరులో పొన్నూరు బస్సెక్కి నారాకోడూరు దాటితే ఇక ఎంతో దూరం ఉండదు. మా బావ కూతురి పెళ్లి, నాలుగు రోజులు ముందుగా రావాలని కబురు మీద కబురొచ్చింది. పసుపు దంచడానికో, సారె సర్దడానికో అనుకుని బయల్దేరాను. తీరా వెళ్తే నన్ను పిలిచింది అందుకు కాదు, పంచాయితీకి!

పెళ్లికూతురు ఆర్టు కాలేజీలో చదువుకుంది. మట్టితో నగలు చేస్తుంది. చేతితో చేసి, కాల్చి, తాళ్లకు గుచ్చుతుంది. తన పెళ్లినాటి సాయంత్రం విందుకు తను చేసుకున్న మట్టిహారమే వేసుకుంటానని పట్టు పట్టింది. ముహూర్తానికి కావలసిన బంగారమంతా పెట్టుకుంటానంది, అందులో పేచీ లేదు. అయినా మా అత్తయ్య ఊరుకోలేదు.

“పదిమందీ చూస్తుండగా పెళ్లికూతురు మెళ్లో కుండపెంకులా? వియ్యాలవారు ఏమనుకుంటారే? పెట్టలేక మట్టి కట్టారనుకోరూ? నవలలు రాస్తావు కదా, నాలుగు మంచిమాటలు చెప్పి దాని బుర్ర తిప్పమ్మా!”

అత్తయ్యకు డెబ్భై అయిదు దాటాయి. ఆవిడ మాట కాదనడం నావల్ల కాదు. సరేనని పిల్ల గదిలోకి వెళ్లాను.

“పిన్నీ, నువ్వు కూడానా?” అంటూనే ఆ హారం తీసి నా చేతిలో పెట్టింది.

చెప్పొద్దూ, నా నోరు కట్టేసినట్టయింది. నడుమ అరచేయంత పద్మం. అమరావతి శిల్పాల్లో రాతికంచెల మీద కనిపిస్తుందే, ఆ సగం విచ్చిన తామర. దానికి అటూ ఇటూ చిన్నవీ పెద్దవీ పూసలు. ఏ రెండూ అచ్చంగా ఒక్కలా లేవు. కొన్ని ఎరుపు, కొన్ని నలుపు. వెనక్కి తిప్పి చూస్తే, ఎవరికీ కనిపించని వీపువైపు కూడా రేకుల ఈనెలు గీసి ఉన్నాయి.

“అది ఎవరు చూస్తారే?” అన్నాను.

“బొమ్మకు వీపుండదా పిన్నీ? ఇది గోడకు తగిలించే బొమ్మ కాదు, మనిషి వేసుకునే బొమ్మ. మనిషి నడుస్తుంది, తిరుగుతుంది, వంగుతుంది. అన్ని పక్కలా బాగుండాలి” అంది.

బుర్ర తిప్పడానికి వెళ్లినదాన్ని, నా బుర్రే తిరిగి బయటికొచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న పాపం ఊరికే పోతుందా? మట్టినగ అనేది నిజంగా లేనివాళ్ల నగేనా, పెట్టలేనివాళ్లు పెట్టుకునేదేనా అని ఆలోచనలో పడ్డాను.

ముందు నా చేతులకేసి చూసుకున్నాను. రెండు బంగారు గాజులు, వాటి మధ్య అరడజను ఆకుపచ్చ గాజులు. ఆ ఆకుపచ్చ గాజులను మనం ఏమంటాం? మట్టిగాజులంటాం! అవి మట్టితో చేసినవి కావు, అద్దంలాంటి గాజుతో చేసినవి. గాజుకు మూలం ఇసుకే కాబట్టి మట్టి అన్నా తప్పేమీ లేదనుకోండి. ఒంటి నిండా బంగారం ఉన్నా, చేతికి మట్టిగాజు లేకపోతే పెద్దవాళ్లు ఒప్పుకోరు. పేరంటానికి వచ్చిన ముత్తైదువకు ఇచ్చేది మట్టిగాజులే. సీమంతానికి తొడిగేదీ మట్టిగాజులే. ఇంకో తమాషా చూడండి. గాజు అంటే ఒక పదార్థం పేరు. అదే చేతి నగకూ పేరయింది. అందుకే బంగారంతో చేయించుకున్నదాన్ని కూడా ‘బంగారు గాజు’ అంటున్నాం. బంగారమంతటి బంగారం గాజు దగ్గర పేరు అప్పు తెచ్చుకుందన్నమాట!

ఇక మా చేబ్రోలు సంగతి. ఇది నిన్నా మొన్నటి ఊరు కాదు. భీమేశ్వరాలయం దగ్గర దొరికిన ఒక రాతి శాసనాన్ని చదివి, 2019లో పురావస్తుశాఖవారు దాని వివరం ప్రకటించారు. అది శాతవాహన రాజు విజయుడి కాలంనాటిది, క్రీస్తుశకం 207 ప్రాంతపుది. దక్షిణ దేశంలో అంతవరకు దొరికిన సంస్కృత శాసనాల్లో అదే పాతదన్నారు. కార్తికుడనే ఆయన ‘తాంబ్రాపే’ అనే ఊళ్లో భగవతి శక్తిమాతృక గుడి దగ్గర ప్రాసాదమూ మండపమూ కట్టించాడని అందులో ఉంది. ఆ తాంబ్రాపేయే మా చేబ్రోలు. అంటే ఈ ఊరు మొదటిసారి సంస్కృతంలో పేరు రాయించుకున్నది ఒక అమ్మవారి గుడి దగ్గర!

వెయ్యేళ్ల తరవాత కాకతి గణపతిదేవుడి దగ్గర గజసేనాని అయిన జాయపసేనాని ఈ ఊళ్లో గుడి కట్టించాడు. ‘నృత్తరత్నావళి’ రాసినది ఆయనే. ఆయన చెల్లెళ్లు నారాంబ, పేరాంబ గణపతిదేవుడి రాణులు. ఆ గుడిలో నాట్యం చేసే స్త్రీలకు ఇళ్లు కట్టించి ఇచ్చిన సంగతి కూడా ఆయన శాసనంలో ఉంది. అప్పటికి ఊరి పేరు తామ్రపురి. తామ్రమంటే రాగి. మా ఊరివాళ్లు ఎన్ని గొప్పలైనా చెప్పుకోవచ్చుగాని, పేరులో మాత్రం బంగారం లేదు!

అంత పాత ఊళ్లో ఆడవాళ్లు ఏం నగలు పెట్టుకునేవారు? రాతిబొమ్మలను అడిగితే చెప్తాయనుకున్నాను. అమరావతి స్తూపం శిల్పాల్లోని స్త్రీల ముంజేతులనిండా గాజులే. కాళ్లకు బరువైన కడియాలు, నడుముకు పేటలు పేటలుగా పూసల మొలనూళ్లు, చెవులకు పెద్ద పెద్ద కుండలాలు. అన్నట్టు, ఆ శిల్పాలు వెలుగులోకి రావడానికీ మా ఊరికీ చుట్టరికం ఉంది. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అమరావతిలో కొత్త పట్నం కట్టబోయి, ఇటుకలకూ రాళ్లకూ పాత దిబ్బ తవ్విస్తుంటే ఆ బొమ్మలు బయటపడ్డాయి. 1797లో కాలిన్ మెకంజీ దొర వచ్చి చూసి వెళ్లాడు. మా చేబ్రోలు కోనేరు నడుమ చతుర్ముఖ బ్రహ్మ గుడి కట్టించిందీ ఆ నాయుడుగారే.

అయితే రాతిగాజులో ఒక చిక్కుంది. అది బంగారందో, శంఖందో, గాజుదో, మట్టిదో రాయి చెప్పదు. మనమే బంగారమని అనుకుంటాం. మన కోరిక అలాంటిది మరి!

అనుమానం తీరాలంటే మట్టిలోకి దిగాల్సిందే. ఇక్కడికి దగ్గరే, తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుదారిలో భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వితే రాతి భరిణెలు దొరికాయి. వాటిలో బంగారు పూలు, ముత్యాలు, పగడాలు, స్ఫటికాలు. ఒక ఆరుపలకల స్ఫటికం మీద చెక్కిన చిన్న అక్షరాల్లో నందపురం ఆడవాళ్ల ప్రస్తావన ఉంది. రెండువేల ఏళ్లకు పైబడిన మాట. ఇదంతా దేవుడికి ఇచ్చినది, భరిణెలో మూతపెట్టి దాచినది. కాబట్టే మిగిలింది.

మరి జనం బతికిన ఇళ్ల దగ్గరో? తెలంగాణలో సంగారెడ్డి దగ్గర కొండాపురం అని ఒక ఊరుంది. 1940ల మొదట్లో గులాం యజ్దానీగారి ఆధ్వర్యంలో నైజాం ప్రభుత్వంవారు అక్కడ తవ్వించారు. శాతవాహనుల కాలంనాటి పట్నం బయటపడింది. నాణేలతోపాటు కుప్పలుగా పూసలు దొరికాయి. గాజుపూసలు, రాతిపూసలు, మట్టిపూసలు. కెయోలిన్ అనే తెల్లని మెత్తని మట్టితో చేసిన స్త్రీల బొమ్మలు కూడా ఉన్నాయి. ఎంత ముచ్చటైన తలకట్లో! పాపిట మీద నగ, చెవులకు నగ, మెడకు నగ. మట్టిబొమ్మకు మట్టినగలు! దక్కనులో ఆ కాలపు ఊళ్లు ఎక్కడ తవ్వినా వక్క ఆకారంలో చేసిన మట్టిపూసలు, చెవితమ్మెకు పెట్టుకునే గుండ్రని మట్టిబిళ్లలు తరచుగా దొరుకుతూనే ఉంటాయి.

అక్కడ నాకొక సంగతి తట్టింది. ఆ ఊళ్లలో బంగారం లేదా? ఉండే ఉంటుంది. కాని బంగారాన్ని ఎవరు వదిలిపెడతారు? తల్లి కూతురికిస్తుంది. కూతురు మోజు మారితే కరిగిస్తుంది. కష్టమొస్తే అమ్ముతారు, దొంగొస్తే పట్టుకుపోతాడు. శాతవాహన రాణి మెడలోని బంగారం ఇవాళ మీ జూకాల్లో ఉందేమో ఎవరికి తెలుసు? మట్టిపూసను ఎవరూ కరిగించలేరు, ఎవరూ దొంగిలించరు. ఆ చేతి నొక్కుతో సహా అది అలాగే ఉండిపోతుంది. ఆనాటి మామూలు ఆడదాని మెడ ఎలా ఉండేదో ఇవాళ మనకు చెప్పేది, ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయిన ఆ పూసే.

మర్నాడు పొద్దున్నే పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, “అసలిది చేసే విధానం చెప్పు” అన్నాను.

“చెరువుమట్టి తెచ్చి నీళ్లలో కలిపి, పల్చటి బట్టలో వడకట్టాలి పిన్నీ. తేరినదాన్ని ఆరబెట్టి, పూరీపిండి కన్నా గట్టిగా పిసకాలి. లోపల గాలిబుడగ ఉండిపోతే పొయ్యిలో పగిలిపోతుంది. పూస చేసి చీపురుపుల్లతో చిల్లి పెట్టి, నీడన వారం రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెట్టావా, బీటలే.”

ఎండిన మట్టిని నీళ్లలో వేస్తే మళ్లీ బురదే. అదే ఆరేడువందల డిగ్రీల దగ్గర కాలిందంటే, మట్టిరేణువుల్లో దాగిన నీరు కూడా వదిలిపోతుంది. ఇక ఎన్నేళ్లు నానబెట్టినా అది బురద కాదు. గాలి బాగా తగిలేలా కాలిస్తే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. గాలి ఆడకుండా ఊకా పిడకలూ కప్పి ఉక్కబెడితే పొగ పట్టి నల్లబడుతుంది. ఒకే ముద్దలో చేసిన రెండు పూసల్లో ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. తేడా అంతా మంట పెట్టిన తీరులోనే ఉంది.

“మట్టి చవకే కదా, మరి ఇంత కష్టమెందుకు?” అన్నాను, అత్తయ్య తరఫున.

“బంగారు నగ కొనేటప్పుడు ఎన్ని గ్రాములని అడుగుతారు. దీన్ని తూచరుగా పిన్నీ. చూస్తారు” అంది.

ఆ మాటకు సాక్ష్యం మొహెంజొదారోలో ఉంది. నాలుగువేల ఏళ్ల కిందట సింధు నాగరికత పట్నాల్లో ఒకరకం మట్టికంకణాలు చేసేవారు. ఎంతో మెత్తగా తేర్చిన మట్టి, సారె మీద తీర్చిన కంకణం. వాటిని మట్టిపాత్రల్లో పెట్టి, మూత బిగించి, మీద ముద్ర కూడా వేసి, వెయ్యి డిగ్రీలకు పైన కాల్చేవారు. కాలాక అవి రాయిలాగా గట్టిపడేవి. వాటి మీద కంటికానని చిన్న అక్షరాలు. మట్టే కదా, ముద్ర వేసి మరీ కాపాడవలసిన అవసరమేమిటి? ఆ పని తెలిసినవాళ్లు కొద్దిమందే అయి ఉంటారనీ, వాటిని పెద్ద హోదాగలవాళ్లే తొడుక్కుని ఉంటారనీ పండితుల ఊహ. పెట్టలేనివాళ్ల నగకు అంత కట్టుదిట్టం ఎవరు చేస్తారు?

ఇంకో సాక్ష్యం ఇంగ్లండులో ఉంది. 1787లో జొసయా వెడ్జ్‌వుడ్ అనే కుమ్మరి ఒక మట్టిబిళ్ల చేశాడు. కుమ్మరంటే మామూలు కుమ్మరి కాదు, రాణిగారికి పింగాణీ సామాను చేసినవాడు. ఆ బిళ్ల మీద సంకెళ్లతో మోకరిల్లిన నీగ్రో బానిస బొమ్మ వేసి, నేను మనిషిని కానా, మీ సోదరుణ్ణి కానా అని అడిగే మాట చుట్టూ చెక్కించాడు. బానిస వ్యాపారం మాన్పించాలని పోరాడేవాళ్లకు వాటిని పంచిపెట్టాడు. ఇంతకూ వాటిని ఏం చేశారంటారు? ఆడవాళ్లు చేతి కంకణాల్లో పొదిగించుకున్నారు, జడపిన్నులకు పెట్టించుకున్నారు! ఓటు లేదు, సభలో మాట్లాడే హక్కు లేదు. చేతికున్న మట్టిబిళ్లే వాళ్ల తరఫున మాట్లాడింది. 1807లో బ్రిటిషువాళ్లు బానిస వ్యాపారాన్ని చట్టంతో నిషేధించారు. ఆ పుణ్యమంతా మట్టిబిళ్లది అనను. కాని ఒక నగ అందం కోసమే కాకుండా ఒక మాట కోసం కూడా ఉండగలదని ఆ ఆడవాళ్లు చూపించారు.

ఇవన్నీ పోగేసుకుని, ఆ మధ్యాహ్నం వంటింటి గడపలో కూర్చుని అత్తయ్యకు చెప్పడం మొదలెట్టాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. మొహెంజొదారో అయింది, ఇంగ్లండయింది.

“వాళ్ల సంగతి నాకెందుకే? మన ఇళ్లలో ఉందా, చెప్పు!” అంది.

ఉంది. ఆ మాట అడిగేదాకా నాకూ జ్ఞాపకం రాలేదు.

మా అమ్మమ్మకు ఇరవై ఆరో ఏట తాతయ్య పోయాడు. మా అమ్మ చంకన, మావయ్య చేతి కింద. పదోనాడు బావి దగ్గర కూర్చోబెట్టి ఆవిడ గాజులు చిట్లగొట్టారట. ఒంటిమీది బంగారం అప్పులవాళ్లకు పోయింది. నాకు జ్ఞానం వచ్చేసరికి అమ్మమ్మంటే బోసిచేతులు, బోసిమెడ, నేతచీర.

నాకు ఎనిమిదేళ్లప్పుడు వేసవి సెలవులకు వచ్చాను. చెరువుగట్టు నుంచి మట్టి తెచ్చి పూసలు చేశాను. అమ్మమ్మే చీపురుపుల్లతో చిల్లులు పెట్టింది. పాలకుండ పెట్టే పిడకల దాలిలో ఓ మూల వాటిని కప్పింది. రెండు రోజుల తరవాత తీస్తే అన్నీ నల్లగా ఉన్నాయి. ఎర్రగా వస్తాయనుకున్న నేను ఏడుపు లంకించుకున్నాను. గాలి ఆడని దాలిలో అవి నల్లబడక ఏమవుతాయి? ఇప్పుడు తెలిసింది, అప్పుడు తెలియదుగా!

నన్ను సముదాయించడానికి అమ్మమ్మ వాటిని నూలుదారానికి గుచ్చింది. నేను ఆ దండ ఆవిడ మెళ్లోనే వేశాను. సరిగ్గా అప్పుడే పొరుగింటావిడ వచ్చింది. చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

“అయ్యో, ఇదేమిటి వదినా! నల్లపూసలూ!”

అమ్మమ్మ తొణకలేదు. “నల్లపూసలు కావమ్మా, మట్టిపూసలు. మొగుడు కట్టినవి పోయినాయి, ఊరుకున్నా. ఇవి ఎవరూ కట్టినవి కాదు, ఎవరూ తెంపక్కర్లా” అంది.

ఆ దండ ఆవిడ తీయలేదు. పమిట కిందికి సర్దుకుంది. నగ అనుకుంటే కదా ఎవరైనా కాదనేది? మట్టిని ఎవరూ నగల లెక్కలో వేయలేదు. ఆ లెక్కలేనితనంలోనే అమ్మమ్మకు కాస్త చోటు దొరికింది.

ఇది చెప్పి ముగించేసరికి అత్తయ్య చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. కాసేపు ఏమీ అనలేదు. తరవాత లేచి, మడతకుర్చీ పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్లింది. పాత పెట్టె తెరిచిన చప్పుడైంది. గుడ్డమూట ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

“పోయిన రోజున స్నానం చేయించింది నేనేగా. అప్పుడు తీశాను. పారేయడానికి చేతులు రాలేదు.”

దారం ఎప్పుడో చివికిపోయింది. పదకొండు పూసలున్నాయి. నా చిన్నప్పటి వేళ్ల ఒత్తిడికి అణిగి, గుండ్రంగా లేవు. కొండాపురం పూసల్లాగా వక్కల్లా ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద గోటి గుర్తు. నాదో, అమ్మమ్మదో!

పెళ్లి వైభవంగా జరిగింది. ముహూర్తంలో పిల్ల మెళ్లో కాసులపేరు, నడుముకు వడ్డాణం, చేతులనిండా మట్టిగాజులు. సాయంత్రం మాత్రం ఒక్క మట్టిహారమే. నడుమ పద్మం. ఆ పద్మానికి అటు ఆరు, ఇటు అయిదు నల్లని వక్కపూసలు కొత్తగా చేరాయి. దగ్గర కూర్చుని గుచ్చించింది అత్తయ్యే.

వియ్యపురాలు ఊరుకుంటుందా? హారాన్ని వంగి వంగి చూసి, “ఇదెక్కడ కొన్నారు వదినగారూ? ఎంతయింది?” అని అడిగింది.

“కొన్నది కాదండీ” అంది అత్తయ్య, పమిట సవరించుకుంటూ. “మా అత్తగారి నగ. వంశపారంపర్యంగా వస్తోంది!”